ఉస్సా చేతి తీగ

తుర్క్‌మెనిస్తాన్‌లోని తెజెన్ పట్నంలో రెంచి పట్టుకున్న ప్రతివాణ్ణీ ఉస్సా, అంటే ఉస్తాదు, అనరు. చేతిలో పనితనం ఉండాలి, ఊళ్ళో మాట చెల్లాలి. రైలు స్టేషను వెనక రేకుల షెడ్డులో ముప్ఫై నాలుగేళ్ళుగా పాత జిగులి కార్లు బాగుచేస్తున్న హుదాయ్‌నజర్‌ని మాత్రం చిన్నాపెద్దా అందరూ ఉస్సా అనే పిలుస్తారు.

ఆయన ఘనతంతా ఒక తీగలో ఉంది. కార్బ్యురేటర్ విప్పి లోపలి జెట్లు బయటికి తీస్తాడు. శనగగింజంత ఇత్తడి ముక్కలవి, మధ్యలో సన్నటి కన్నం. పెట్రోలు ఆ కన్నంలోంచే కొలతగా ఇంజనుకు పోతుంది. దాంట్లో మడ్డి చేరితే బండి మొరాయిస్తుంది. ఉస్సా తండ్రి దుతార్ వాయించేవాడు. ఆ వాద్యానికి కట్టే ఉక్కు తీగ ముక్కతో ఉస్సా ఆ కన్నాన్ని బరబరా గీకేవాడు. "మా నాన్న ఈ తీగతో పెళ్ళిళ్ళలో పాడాడు, నేను బండ్లచేత పాడిస్తున్నాను" అని గొప్పలు పోయేవాడు. అబద్ధమెందుకు, గీకిన రోజు బండి పాడేది కూడాను.

ఆ కాలంలో అక్కడ పెట్రోలు నీళ్ళకన్నా చవక. బండి ఎంత తాగుతోందని అడిగిన పాపాన పోలేదెవరూ. బజారులో ఖర్బూజాలు బేరమాడినంతసేపూ ఇంజను ఆడుతూనే ఉండేది. తరవాత ధర పెరిగింది. అప్పుడు అందరికీ ఒక్కసారిగా లెక్కలు గుర్తుకొచ్చాయి.

మొన్న చైత్రంలో, పత్తి విత్తే రోజుల్లో, మారీ నగరం దారిలో టాక్సీ తోలే వెలీ షెడ్డు ముందు బండి ఆపాడు. ఆపాడన్న మాటే గానీ అది నిలబడి కూడా చలిజ్వరం వచ్చినట్టు వణుకుతోంది.

"నాలుగోసారి ఉస్సా! మీరు ముట్టుకున్న వారం బాగుంటుంది, మళ్ళీ మామూలే. వంద కిలోమీటర్లకి పధ్నాలుగు లీటర్లు తాగుతోంది. ఒంటెకైనా ఇంత దాహం ఉండదు."

"నీ తోలుడు అట్లాంటిది మరి. గేరు మార్చడమంటే నీకు గడ్డి పీకడమేగా" అన్నాడు ఉస్సా. అన్నాడే గానీ లోపల గుచ్చుకుంది. నాలుగోసారి రావడం ఆ షెడ్డు చరిత్రలో లేదు.

ప్లగ్గులు విప్పి చూశాడు. నాలుగూ మసిపట్టి ఉన్నాయి, అంటే పెట్రోలు ఎక్కువ పోతోంది. ఎయిర్ ఫిల్టర్ దులిపాడు, శుభ్రంగానే ఉంది. రబ్బరు గొట్టాలు చెవి దగ్గర పెట్టుకుని విన్నాడు, ఎక్కడా గాలి లాగడం లేదు. టైమింగ్ సరిచూశాడు. అన్నీ సవ్యంగా ఉన్నాయి, బండి మాత్రం వణుకుతోంది. ఇక మిగిలింది జెట్లే. తీగ తీసి మరింత గట్టిగా గీకాడు. ఈసారి బండి దగ్గి, నల్లపొగ కక్కి, ఆగిపోయింది.

వెలీ నసుగుతూ జేబులోంచి చిన్న పొట్లం తీశాడు. "బజారులో కొత్త జెట్లు దొరికాయి ఉస్సా. కోప్పడకండి, ఒక్కసారి పెట్టి చూద్దురూ."

"నేను గీకిన జెట్టుకన్నా అది గొప్పదటరా?" అని ఉస్సా నవ్వాడు. కుర్రవాడి నోరు మూయించడానికే బిగించి, తాళం తిప్పాడు.

ఇంజను నిమ్మళంగా ఆడింది. బానెట్ అంచున పెట్టిన టీ గిన్నెలో తొణుకు లేదు.

 ఉస్సా పాత జెట్టు అరచేతిలో వేసుకున్నాడు. పొట్లంలో మిగిలిన అదే కొలత కొత్త జెట్టు కన్నంలోకి తీగ దూర్చబోయాడు, అది బిగుసుకుని సగంలోనే ఆగింది. పాతదాంట్లో దూర్చాడు, వదులుగా జారిపోయింది. తీగను మడిచి, రెండు పేటలు కలిపి దూర్చాడు. రెండూ దూరాయి.

మెత్తటి ఇత్తడి మీద ఉక్కు. ముప్ఫై నాలుగేళ్ళు. ఇంటిదొంగను ఈశ్వరుడైనా పట్టలేడంటారు, ఈ దొంగకు తానే దొంగనని తెలియదు. రొట్టెల ఆవిడ వ్యాను, డాక్టరు గారి బండి, సొంత బావమరిది బండి, అన్నీ కళ్ళముందు వరస కట్టాయి. ఒక్కో బండికి ఎన్నిసార్లు గీకాడో! టైరు మీద కూలబడ్డాడు.

వెలీ మాత్రం ఎగిరి గంతేస్తున్నాడు. "చూశారా, మీ చెయ్యి పడితేగానీ కొత్తదైనా పనిచెయ్యదు! ఉస్సా అంటే ఉస్సాయే!"

ఊరుకుంటే ఊరుకోవచ్చు. కందకు లేని దురద కత్తిపీటకెందుకు? ఆ మాట మనసులో అనుకున్నాడు కూడా. అనుకున్నందుకు తనమీద తనకే అసహ్యం వేసింది. ఆ మసి చేతులతోనే లేచి డ్రైవర్లందరూ చేరే టీ దుకాణానికి నడిచాడు.

"అందరూ వినండి. మీ బండ్లు పాడుచేసింది నేనే. నా తీగ జెట్ల కన్నాలు పెద్దవి చేసింది. అందుకే పెట్రోలు అంత తాగుతున్నాయి."

 దుకాణంలో పెద్ద నవ్వు లేచింది.

"ఉస్సాకి ఎండదెబ్బ తగిలినట్టుంది, టీ పొయ్యండ్రా!"

"తీగ మానేసి కొత్త సామాన్ల వ్యాపారం పెడుతున్నాడర్రా, అదీ సంగతి!"

"నా బండికి నువ్వే గీకాలి ఉస్సా, వేరేవాణ్ణి ముట్టనివ్వను!"

తిడితే భరించేవాడు. కొట్టినా భరించేవాడు. ఈ నమ్మకం చూసి ఆయన కొయ్యబారిపోయాడు.

మూలన చాప మీద కూర్చున్న పోలత్ ఆగా ఒక్కడే నవ్వలేదు. డెబ్బై ఎనిమిదేళ్ళ మనిషి, ఆగా అంటే అక్కడ పెద్దాయన అని. తాను ఇరవై ఏళ్ళు నడిపిన బండిని పోయినేడు పాత ఇనుము కింద అమ్మేశాడు. నడుం పడిపోయిన భార్యను ఆదివారం ఆదివారం ఆమె చెల్లెలి ఊరికి తీసుకెళ్ళేది ఆ బండిలోనే. బస్సు ఎక్కలేక ఆవిడ అప్పట్నుంచి గడప దాటలేదు. ఇంజను పని అయిపోయింది, ఇక దానిమీద ఆశ పెట్టుకోవద్దని చెప్పింది ఉస్సాయే.

ముసలాయన టీ గిన్నె చాప మీద పెట్టాడు.

"నా బండి కూడా అట్లాగే వణికేది గదా హుదాయ్‌నజర్. నల్లపొగ కూడా వచ్చేది."

"అవును ఆగా."

"అయితే దాని ఇంజను బాగానే ఉందా?"

నవ్వులు ఒక్కొక్కటే ఆగిపోయాయి. ఉస్సా ఆ ముసలి ముఖంలోకి సూటిగా చూశాడు.

"బాగానే ఉంది ఆగా."