రెండోసారి నొక్కిన బటన్

మొన్న గురువారం నేను చేసిన ఘనకార్యం మీ చెవిన పడిందో లేదో! పడకపోతే, ఇంకెవరో ఉప్పూ కారం కలిపి చెప్పకముందే నేనే చెప్పేస్తాను. హన్మకొండలో అయిదుగురు ఆడపిల్లలు బుద్ధిగా కంప్యూటర్ నేర్చుకుంటుంటే, ఆ అయిదుగురి చదువునూ ఒక్క వేలితో ఆపేసిన మనిషిని నేను. అది చాలదన్నట్టు, "మీరే పాడుచేశారు" అని ఆ పిల్లలనే మందలించాను.

వరుసగా చెప్తాను. మధ్యలో నవ్వకండి. నవ్వే చోటు వచ్చినప్పుడు నేనే చెప్తాను.

మా చెల్లె బిడ్డ అనసూయ చౌరస్తా దగ్గర టైపు ఇన్‌స్టిట్యూట్ నడుపుతుంది. ఒకప్పుడు పొద్దున ఆరు గంటలకే మెట్ల మీద పిల్లలు బారులు తీరేవాళ్లు. ఈ మధ్య ఎవరు వచ్చినా ఒకటే ప్రశ్న. "ఎనభై తొమ్మిదో సంవత్సరం వచ్చింది, ఇంకా టైపేనా? కంప్యూటర్ లేదా?" లేదంటే చెప్పులు తొడుక్కుని వెళ్లిపోవడమే. చివరికి అనసూయ సగం టైపు మిషన్లు అమ్మేసి, కంప్యూటర్ కొందామని నిర్ణయించుకుంది. పాపం, చదువుకున్న పెద్దమ్మ కదా అని నన్ను సలహా అడిగింది. అక్కడే తప్పు చేసింది.

హైదరాబాద్ నుంచి ప్రసాద్ అనే ఇంజనీరు వచ్చి మా ముందు రెండు కాగితాలు పెట్టాడు. ఒకదాంట్లో మూడు చిన్న కంప్యూటర్లు, ఎక్స్‌టీలు. రెండోదాంట్లో ఒకే ఒక్క పెద్ద కంప్యూటర్, త్రీ ఎయిటీ సిక్స్, దానికి అయిదు టెర్మినళ్లు. రెంటిలో ఏదో ఒకటే మనకు అందేది.

తేడా ఏమిటో మీకూ తెలియాలి కదా. ప్రాసెసర్ అంటే పెట్టె లోపల కూర్చుని పనంతా చేసే మాస్టారు అనుకోండి. ఎక్స్‌టీలో ఉండేది ట్యూషన్ మాస్టారు. ఆయనకు ఒక్క విద్యార్థే. త్రీ ఎయిటీ సిక్స్‌లో ఉండేది హెడ్మాస్టారు. ఆయన ఒక్కడు లోపలి గదిలో కూర్చుని, బయట అయిదు తెరల ముందు కూర్చున్న అయిదుగురికీ పని చేసిపెట్టగలడు. ఆ తెరలనే టెర్మినళ్లు అంటారు. వాటికి సొంత బుర్ర లేదు. ఒక తెర, ఒక కీబోర్డు, లోపలి గదికి పోయే ఒక తీగ, అంతే. అర్థమైందా? కాకపోతే ఇంకోసారి చదవండి, తొందరేం లేదు.

"మేడమ్, కొత్తగా నేర్చుకునేవాళ్లకు చిన్నవే నయం" అన్నాడు ప్రసాద్. "మూడు ఎక్స్‌టీలుంటే ఒకటి ఆగినా రెండు నడుస్తాయి. ఈ పెద్దది ఆఫీసులవాళ్లు తీసుకునేది."

"ఆగితే కదా నాయనా! ఎందుకాగుతుంది?" అన్నాను.

నా ధీమాకు కారణముంది. ములుగు అవతల అడవి పల్లెలో నేను పనిచేసిన బడికి ఒకటే గది, ఒకటే పంతులమ్మ. ఆ పంతులమ్మను నేనే. ఒకటో తరగతి పలకల మీద అక్షరాలు దిద్దుతుంటే, మూడో తరగతి ఎక్కాలు అప్పజెప్తుంటే, అయిదో తరగతికి భిన్నాలు చెప్పేదాన్ని. నేను చేయగా లేనిది, అంత పెద్ద మిషన్ చేయలేదా?

అనసూయ మెల్లగా అంది. "పెద్దమ్మా, ఆయన చెప్పేది కూడ నిజమే అనిపిస్తాంది. ఒక్కటే ఉన్నదనుకో, అది పండుకుంటే అందరం పండుకోవాలె గదా?"

"ముప్పై ఒక్క ఏండ్లు పనిచేసిన. ఒక్కనాడన్న క్లాసుల పండుకున్ననా?"

"నువ్వు మిషన్‌వి కాదు గద పెద్దమ్మా!"

నేను ఊరుకుంటానా! నోట్‌బుక్కులో నిలువు గీత గీసి, అటు ఎక్స్‌టీ, ఇటు త్రీ ఎయిటీ సిక్స్ రాసి, రెంటికీ పరీక్ష పెట్టాను. బలానికి ఇన్ని మార్కులు, వేగానికి ఇన్ని, పదిమందికి ఉపయోగపడే గుణానికి ఇన్ని. ఎక్స్‌టీ ఫెయిలైంది. త్రీ ఎయిటీ సిక్స్ డిస్టింక్షన్‌లో పాసైంది. ప్రశ్నపత్రం నాదే, దిద్దింది నేనే, ఇంకెట్లా వస్తాయి మార్కులు! మొత్తానికి పెద్దదే కొనిపించాను.

గురువారం మంచి ముహూర్తం. మిషన్‌ను వెనక గదిలో ఏసీ పెట్టి కూర్చోబెట్టారు. చెప్పులు బయటే విడవాలి. నేను పసుపు కుంకుమ పట్టుకుని పోతే ప్రసాద్ అడ్డం నిలబడి, "మేడమ్, గాలి పోయే రంధ్రాల మీద వద్దు, దండం పెడతాను" అన్నాడు. సరే, పైన ఒక బొట్టు పెట్టి, కొబ్బరికాయ గడప దగ్గర కొట్టించాను.

ఆ రోజుకు అసలు పెద్దమనిషి నేను కాదు, సోమయ్య సేటు. ఎనుమాముల మార్కెట్‌లో ఆయనకు మిర్చి దుకాణం. తన బిడ్డ సుజాతను తీసుకొచ్చాడు. ఆయన బజారులోనే ఉండే మరో నలుగురు షాపువాళ్లు కూడా తమ బిడ్డలను పంపారు గానీ, మాట మాత్రం ఆయన మీద వదిలిపెట్టారు. "సోమయ్య సరే అంటె మాకు సరే." ఆయన ఊ అంటే అయిదుగురూ చేరతారు. ఊహూ అంటే అయిదుగురూ పోతారు. వాళ్లు పోతే అనసూయ ఇన్‌స్టిట్యూట్‌కు తాళమే. టైపు మిషన్లు కూడా సగం లేవు కదా ఇప్పుడు!

"సేటూ, ఏమంటరు?" అని అనసూయ అడిగితే, ఆయన చేతులు వెనక్కి కట్టుకుని, "చూస్త. చూసినంక చెప్త" అన్నాడు.

పది గంటలకు అనసూయ నన్ను వెనక గదిలోకి తీసుకుపోయింది. "పెద్దమ్మా, నువ్వే నొక్కాలె." ముందు వైపు పచ్చగా ఒక బటన్ ఉంది. నొక్కాను. లోపల గుర్రుమంది. అందరూ చప్పట్లు కొట్టారు. కొద్దిసేపటికి ముందు గదిలో అయిదు తెరలూ వెలిగి, అక్షరాలు రావడం మొదలైంది. అయిదుగురు పిల్లలు కూర్చుని తమ తమ పేర్లు ఇంగ్లీషులో కొడుతున్నారు. సుజాత ఒక్కో అక్షరం వెతుక్కుంటోంది గానీ ముఖం వెలిగిపోతోంది. సేటు వెనకాల నిలబడి, "మెల్లగ బిడ్డా, మెల్లగ" అంటున్నాడు. ప్రసాద్ నిశ్చింతగా వరండాలోకి ఉప్మా తినడానికి పోయాడు.

సరిగ్గా అప్పుడు ఫోటోగ్రాఫర్ యాదగిరి తల గోక్కుంటూ వచ్చాడు.

"టీచరమ్మా, జర తప్పయింది. మీరు బటన్ నొక్కినప్పుడు ఫ్లాష్ వెలగలే. ఇంకొక్కసారి పోదాం రాండ్రి."

మన ఫోటోగ్రాఫర్ల సంగతి మీకు కొత్తా? పెళ్లిలో తాళి కట్టినంక కూడా "అన్నా, ఇంకొక్కసారి చేతులు పైకెత్తు" అని కట్టిన తాళినే మళ్లీ కట్టిస్తారు. నేనూ చీర కుచ్చెళ్లు సర్దుకుని వెనక గదిలోకి పోయాను.

"వేలు పెట్టి ఊకె ఉండుండ్రి టీచర్. నొక్కినట్టు చేస్తే చాలు."

ఆ మాట నాకు నచ్చలేదు.

"నొక్కినట్టు చేసుడేంది యాదగిరీ? చదివినట్టు చేసెటోళ్లను, రాసినట్టు చేసెటోళ్లను బెంచీ ఎక్కించిన నేను. ఉత్తుత్త చేసుడు నాతోని కాదు. నొక్కుతా అంటే నొక్కుతా."

"మీ ఇష్టం అమ్మా. జర నవ్వుండ్రి."

నవ్వాను. గట్టిగా, నిజాయితీగా నొక్కాను. ఫ్లాష్ వెలిగింది. ఏసీ రొదలో మిషన్ చప్పుడు వేరుగా వినబడలేదు. ఇంటి కాలింగ్ బెల్ బటన్ ఎన్నిసార్లు నొక్కితే అన్నిసార్లు మోగుతుంది కదా, ఇదీ అంతే అనుకున్నాను. పని మొదలుపెట్టే బటన్‌ను రెండోసారి నొక్కితే పని ఇంకా బాగా మొదలవుతుందే గానీ, నష్టమేమిటి?

ముందు గదిలోకి వచ్చేసరికి సుజాత నా వైపు బిక్కమొహం వేసుకుని చూస్తోంది.

"టీచర్, అక్షరం పడ్తలేదు."

చూస్తే, తెర వెలుగుతూనే ఉంది. ఆమె పేరు 'సుజా' దాకా వచ్చి ఆగింది. తరువాతి 'టి' కోసం ఎంత కొట్టినా రావడం లేదు. మిగతా నలుగురివీ అట్లాగే ఉన్నాయి. బొమ్మ గీసి పెట్టినట్టు, ఎక్కడివక్కడ.

నాలోని టీచర్ లేచింది. "చూడండి పిల్లలూ, ఇది టైపు మిషన్ కాదు. బాదకూడదు. వేలి కొనతో, మల్లెమొగ్గను తాకినట్టు తాకాలి. ఎవరు గట్టిగా కొట్టింది? రాజమణీ, నువ్వేనా?"

"నేను గట్టిగ కొట్టలే టీచర్!"

"మరి నువ్వు? గోళ్లు చూపించు. ఇంత గోరు పెట్టుకుని కీల మీద కొడితే ఆగక ఏం చేస్తది?"

ఆ పిల్ల గోళ్లు దాచుకుంది. ఇంకో పిల్లను జడ చివర కీబోర్డుకు తగిలిందని అన్నాను. సుజాత కళ్లలో నీళ్లు తిరిగాయి. అది సేటు చూశాడు.

"ఇగ లే బిడ్డా, పోదాం."

అనసూయ ముఖం తెల్లబోయింది. ప్రసాద్ కోసం వరండాలోకి ఉరికింది. నేను తలుపుకు అడ్డం నిలబడ్డాను. "సేటుగారూ, అయిదు నిమిషాలు."

"మార్కెట్ల మిర్చి వేలంపాట టైమైతాంది టీచరమ్మా."

"అయిదే నిమిషాలు. కూర్చోండి." బడిలో అన్న గొంతుతోనే అన్నాను. ఆయనకు తెలియకుండానే కూర్చున్నాడు.

ప్రసాద్ ఉప్మా చేతితోనే వచ్చి, ఒక టెర్మినల్ తీగ కదిపాడు, ఇంకోటి కదిపాడు, వెనక గదిలోకి పోయాడు. వచ్చినప్పుడు ముఖం అదోలా ఉంది.

"మేడమ్, అసలు మిషనే ఆఫ్‌లో ఉంది. తెరలకు కరెంటు వేరు కాబట్టి అవి వెలుగుతున్నాయి. ఎవరో బటన్ నొక్కేశారు."

నేను గది మధ్యలో నిలబడి, ఒక్కొక్కరి ముఖం చూసి, ముప్పై ఒక్క ఏళ్లుగా ఎన్ని వందలసార్లు అన్నానో ఆ మాటే అన్నాను.

"ఎవరు నొక్కారు? నిజం చెప్పండి. నిజం చెప్పినవాళ్లకు శిక్ష ఉండదు."

మూలన నిలబడ్డ యాదగిరి, మీసాలొచ్చిన మనిషి, మూడో తరగతి పిల్లాడిలా చెయ్యెత్తాడు.

"టీచర్... మీరే గద."

"నేనా? నేను ప్రారంభించిన!"

"మొదటిసారి ప్రారంభించిండ్రు. రెండోసారి... నేను నొక్కినట్టు చేయమన్న. మీరే నటించుడు రాదన్నరు."

ప్రసాద్ ఎంతో మర్యాదగా వివరించాడు. "అదే బటన్ మేడమ్. మొదటిసారి నొక్కితే మొదలవుతుంది. రెండోసారి నొక్కితే ఆగుతుంది." ఎక్స్‌టీలైతే ఒక్కటే ఆగేది అన్న మాట ఆయన అనలేదు. మంచి పిల్లవాడు. అనసూయ కూడా అనలేదు. ఫ్యాన్ వంక చూస్తూ నిలబడింది. అంటే పోయేది కదా, నాకు కొంచెం తేలికయ్యేది!

నవ్వే చోటు ఇదే. నవ్వండి.

నవ్వడం అయితే తరువాతిది వినండి. నేను తప్పు పట్టిన ప్రతి పిల్ల దగ్గరికీ పోయి, పేరు పెట్టి పిలిచి, తప్పు నాదే బిడ్డా అన్నాను. గోళ్లు దాచుకున్న పిల్ల మెల్లగా చేతులు బయటపెట్టింది.

మళ్లీ మొదలుపెడితే వెంటనే వస్తుందనుకున్నాను. రాలేదు. చెప్పాపెట్టకుండా ఆపితే ఈ పెద్ద మిషన్లకు అనుమానం పుడుతుందట. స్పృహ తప్పి లేచిన హెడ్మాస్టారు రిజిస్టర్లన్నీ మొదటి పేజీ నుంచి సరిచూసుకున్నట్టు, తన లోపలున్నదంతా తడుముకుంటూ కూర్చుంది. ముప్పావు గంట! ఆ ముప్పావు గంటా నేను సేటును కదలనిస్తే ఒట్టు. టీ ఇప్పించాను. లడ్డూ ఇప్పించాను. ఆయన లేవబోయినప్పుడల్లా మిర్చి ధర అడిగాను. ఎండబెట్టడం దగ్గర్నుంచి తాలు కాయలు ఏరడం దాకా ఆయన చెప్తుంటే శ్రద్ధగా విన్నాను. నా జీవితంలో మిర్చి గురించి అంత ఎప్పుడూ నేర్చుకోలేదు.

చివరికి అయిదు తెరల మీదా ఒకేసారి అక్షరాలు వచ్చాయి. సుజాత నా వైపు చూసింది. నేను నోరు మూసుకుని తల ఊపాను. ఆ పిల్ల తన పేరు మొత్తం కొట్టింది. కింద తండ్రి పేరు కూడా కొట్టింది.

సేటు దగ్గరికి పోయి తన పేరు చూసుకున్నాడు. ఆయనకు ఇంగ్లీషు రాదు. అయినా చాలాసేపు చూశాడు. తరువాత ప్రసాద్‌ను అడిగాడు.

"ఇప్పుడు దీంట్ల ఏమన్న ఖరాబయిందా?"

"ఏమీ కాలేదండీ. పిల్లలు కొట్టిన నాలుగు అక్షరాలు పోయాయి, అంతే."

"అయితే మా పిల్ల పేరు రాసుకోండ్రి. ఆ నలుగురి పేర్లు కూడ."

అనసూయకు పెన్ను దొరకలేదు. నేను అందించాను.

"పొద్దటి సంది నాకు ఒక్కటే ఫికరుండె టీచరమ్మా" అన్నాడు సేటు. "మా పిల్ల తెల్వక ఏదన్న నొక్కితే, ఇంత పెద్ద మిషన్ ఖరాబైతదేమో, రేపు నలుగురిల నా బిడ్డనే అంటరేమో అని. మీ అంత చదువుకున్నామెనే నొక్కి ఆపినా, మళ్ల లేసి కూసున్నది. ఇగ మా పిల్ల ఎంత చెడగొడ్తది?"

గదంతా నవ్వింది. నేనూ నవ్వాను, ఏం చేస్తాను!

"కానీ ఒక్క షరతు" అన్నాడు.

"ఏంది సేటూ?" అంది అనసూయ.

"టీచరమ్మను ఆ వెనక అర్రలకు పోనియ్యద్దు. తాళంచెయి మా సుజాతకియ్యుండ్రి."

అనసూయ ఒక్క క్షణం కూడా ఆలోచించలేదు. నా కళ్ల ముందే ఇచ్చేసింది.

ముప్పై ఒక్క ఏళ్లు అల్లరి పిల్లలను తలుపు బయట నిలబెట్టినదాన్ని. ఇప్పుడు రోజూ పదింటికి ఆ గది తలుపు బయట నేను నిలబడుతున్నాను. నిన్న కాస్త చల్లగాలికి లోపల కూర్చుంటానని అడిగితే సుజాత ఏమందో తెలుసా?

"కూసోండ్రి టీచర్. చేతులు మాత్రం కట్టుకొని కూసోండ్రి."