మూడో కాపీ

స్కానింగ్ సెంటర్లో ఆమె అసలు పేరు హాజరు పట్టీకి మాత్రమే తెలుసు. మిగతా అందరికీ కాపీ అక్క. పద్నాలుగేళ్ళుగా రికార్డు రూములో గుమాస్తా. అక్కడ తీసిన ఎక్స్‌రేలు, స్కాన్లు అన్నీ కంప్యూటర్లో ఒక హార్డ్ డిస్కులో చేరతాయి. ప్రతి శనివారం మధ్యాహ్నం ఆ డిస్కును ఊడదీసి, డాకు అనే చిన్న పెట్టె ముందు గాడిలో నిలబెడుతుంది. వెనక గాడిలో రెండో డిస్కు పెట్టి బటన్ నొక్కి పట్టుకుంటే, ముందుదాంట్లో ఉన్నదంతా వెనకదాంట్లోకి అచ్చుగుద్దినట్టు దిగుతుంది. లైట్లన్నీ వెలిగేదాకా ఆమె కుర్చీలోంచి కదలదు. డాకు ఎవరినీ ఏమీ అడగదు. వెనక డిస్కులో ఏముంటే అది చెరిపేసి రాసేస్తుంది. అందుకే ముందు గాడి పక్కన ‘నిండినది ఇక్కడ’ అని కాగితం ముక్క అంటించింది. తనిఖీకి ఎవరో వస్తున్నారని, చూడ్డానికి అసహ్యంగా ఉందని మేనేజరు దాన్ని పీకి పారేశాడు.

రెండు డిస్కులూ ఉండేది ఆ ఒక్క గదిలోనే. నిప్పంటుకుంటే రెండూ పోతాయి, ఇంకొకటి బయట ఉంచుదామని ఆమె మేనేజరుకు రెండుసార్లు చెప్పింది. ఆయన చెవిన పెట్టలేదు సరికదా, డిస్కు గుమ్మం దాటితే ఉద్యోగం ఊడుతుందని నోటీసు అంటించాడు. ఆమె కిమ్మనకుండా సొంత డబ్బుతో మూడో డిస్కు కొంది. వారం వారం దాంట్లోకీ కాపీ తీసి, టిఫిన్ సంచిలో ఇంటికి తీసుకెళ్ళి, కుట్టుమిషను సొరుగులో పెట్టేది. తప్పని తెలుసు. తెలిసే చేసింది.

తన అక్కయ్యకు మోకాలి ఆపరేషనైతే ఆమె రెండు రోజులు సెలవు పెట్టింది. సరిగ్గా అప్పుడే కంప్యూటర్లోని డిస్కు గరగరమనడం మొదలుపెట్టింది. ఉన్నదంతా కొత్త డిస్కులోకి మార్చాలి. ఆమెకు ఒక్క ఫోను కొడితే అయిపోయేది. గుమాస్తాను అడగడానికి మేనేజరుకు నామోషీ. ఖాళీ డిస్కు ముందు పెట్టాడు, నిండింది వెనక పెట్టాడు, బటన్ నొక్కాడు. గంటలు గడిచాక చూస్తే రెండూ ఖాళీ. చెమటలు పట్టి ఆ గది బీరువాలో ఉన్న రెండో డిస్కు తీశాడు. ఈసారైనా కాస్త ఆగి ఆలోచించాడా అంటే, దాన్నీ తీసుకెళ్ళి వెనక గాడిలోనే పెట్టాడు. అంత గొప్ప బుర్ర ఆయనది.

ఆమె తిరిగొచ్చేసరికి నేరం ఆమె నెత్తిన రుద్దడం కూడా పూర్తయింది. ఇన్నేళ్ళూ ఆమె తీసినవన్నీ ఏమీ లేని ఖాళీ కాపీలేనని, అసలు డిస్కు పాడైతే ఆ సంగతి బయటపడిందని పెద్ద డాక్టరుకు చెప్పాడు. సెంటరు ఆ డాక్టరుదే. డాకులో డిస్కులు ఉన్న తీరు చూడగానే ఆమెకు జరిగింది అర్థమైంది. చెప్పబోయింది. ఎవరూ విననే లేదు.

ఇంటికొచ్చి లారీ మెకానిక్ అయిన మొగుడికి అంతా చెప్పింది.

"ఆ సొరుగులోది ఉందని ఎవరికీ తెలీదు, దాని ఊసెత్తకు" అన్నాడతను. "చేతకాలేదంటే నాలుగు తిట్టి ఊరుకుంటారు. ఇంటికి పట్టుకొచ్చావని తెలిస్తే బయటికి గెంటుతారు. ఇంకా ఐదేళ్ళ సర్వీసుంది నీకు."

అదీ నిజమేననుకుంది.

మర్నాడు ఒక దర్జీ వచ్చాడు. ఊపిరితిత్తిలో గింజంత మచ్చ ఉందని ఆరునెలలకోసారి వస్తాడు. పాత స్కాను పక్కన కొత్తది పెట్టి చూస్తారు. పెరగకపోతే ఇంటికి, పెరిగితే ఆపరేషనుకి. ఇప్పుడు పక్కన పెట్టడానికి పాతది లేదు. పోల్చి చూసే దారి లేనప్పుడు కోసేయడమే మంచిదని డాక్టరు తేల్చేశాడు. దర్జీ అక్కడి నుంచి నేరుగా రికార్డు రూము గుమ్మంలోకి వచ్చాడు.

"కోస్తే మళ్ళీ మిషను తొక్కగలనంటావా అమ్మా?" అని అడిగాడు.

ఆమె ఏదో సర్దిచెప్పి పంపింది. భోజనాల వేళ ఇంటికెళ్ళి సొరుగు తెరిచింది.

మూడో డిస్కును సెంటరుకు తెచ్చి, అది ఎక్కడిదో పెద్ద డాక్టరుకు చెప్పి, తన చేత్తోనే ముందు గాడిలో పెట్టింది. సాయంత్రానికల్లా, పోయిన శనివారం దాకా ఉన్న స్కాన్లన్నీ తిరిగి వచ్చేశాయి. ఖాళీ కాపీల మాట అబద్ధమని పెద్ద డాక్టరుకు తెలిసే ఉంటుంది. ఆయన ఆ మాటే ఎత్తలేదు. అప్పటిదాకా నీళ్ళు నమిలిన మేనేజరుకు మాత్రం ఒక్కసారిగా నోరు లేచింది. జనం స్కాన్లు ఇంట్లో దాచుకోవడమేంటి, ఎవరికి అమ్ముకుందామని అన్నాడు. రూలు రూలేనని డాక్టరు తల వంచుకుని, ఆమెను ఉద్యోగంలోంచి తీసేస్తున్నట్టు కాగితం మీద సంతకం పెట్టాడు. బయట ఒక్క కాపీ కూడా మిగలకూడదని, ఆ మూడో డిస్కును తమ కళ్ళెదుటే ఆమె చేత చెరిపించారు. ఖాళీది ముందు, నిండింది వెనక. ఏది ఎక్కడ పెట్టాలో మేనేజరు ఆమెను అడిగి మరీ చెప్పించుకున్నాడు. బటన్ ఆమే నొక్కింది.

మర్నాడు లెక్క తేల్చుకోవడానికి వెళ్ళి వస్తుంటే గేటు దగ్గర దర్జీ ఎదురయ్యాడు. మచ్చ పెరిగిందా అని ఆమే ముందు అడిగింది.

"లేదు. అంతే ఉందట, కోయక్కర్లేదన్నారు" అన్నాడు. అంతలోనే మొహం ముడుచుకున్నాడు. "మా స్కాన్లన్నీ మీ ఇంటికి పట్టుకుపోయావటగా. మేనేజరు గారు కనిపెట్టి వెనక్కి తెప్పించబట్టి బతికిపోయాను. అన్నం తినేవాళ్ళు చేసే పనేనా అమ్మా అది?"

ఆమె పక్కకు తప్పుకుని బస్టాపు వైపు నడిచింది. అతని మచ్చ పెరగనందుకు మనసులో సంతోషంగానే ఉంది. ఇంత జరిగాక కూడా ఆ సంతోషం పోనందుకు తన మీద తనకే ఒళ్ళు మండింది.