వానలో ఉప్పు వెతికిన మేడమ్ గారు

కబురు బస్సు కండక్టరు తెచ్చాడు. విజయవాడ నుంచి చల్లపల్లి మీదుగా మా ఊరు వచ్చి తిరిగి వెళ్ళే పొద్దుటి బస్సులో నాలుగేళ్ళుగా అతనే మా ఇంటి వాన నీళ్ళ సీసాలు తీసుకెళ్ళి మేడమ్ గారికి అందించేవాడు. ఆ రోజు నేను సీసాకి కాగితం అంటించి రోడ్డు మీదికి వెళ్ళేసరికి దిగి నిలబడి ఉన్నాడు. చెయ్యి చాచలేదు. "ఇంక సీసాలు ఇవ్వకండి టీచరు గారూ. పుచ్చుకునే ఆవిడ నిన్న సాయంత్రం పోయారు," అన్నాడు. గుండె ఆగిందట. సమాధి రేపు మధ్యాహ్నమట. అంతమాట చెప్పి బస్సెక్కి, మళ్ళీ దిగి వచ్చాడు. "అయినా ఇవ్వండి. ఉత్తి చేతులతో వెళ్ళడం నాకూ బాగాలేదు," అని సీసా పుచ్చుకున్నాడు.

మేడమ్ గారు విజయవాడలో ఒక ఆడపిల్లల కాలేజీలో ఫిజిక్సు చెప్పేవారు. పెళ్ళి చేసుకోలేదు. నర్సు పని చేసే చెల్లెలితో కలిసి ఉండేవారు. ఆదివారం చర్చికి, మిగతా ఆరు రోజులూ ఆకాశానికి అన్నట్టుండేది ఆవిడ వరస.

డెబ్బై రెండు వేసవిలో మా బడికి వచ్చారు. ఒక చేతిలో రాగి గరాటు, ఇంకో చేతిలో సీసాల సంచి. "మీ ఊళ్ళో రోజూ పొద్దున్న ఎనిమిదిన్నరకి వాన కొలిచే మనిషి కావాలండీ," అని మా హెడ్మాస్టరు గారిని అడిగారు. ఆయన నవ్వారు. "కొలవడానికేముందండీ, పడితే తడుస్తాం, పడకపోతే లేదు." నేను ఒప్పుకున్నది సైన్సు మీద ప్రేమతో కాదు, ఆయన నవ్వినందుకు. నా బుద్ధే అంత, ఎవరైనా దేన్నైనా తీసిపారేస్తే వెళ్ళి దాని పక్కన నిలబడతాను.

ఎందుకు కొలవాలో మా వసారాలో కూర్చుని చెప్పారు. "ఇబ్రహీంపట్నంలో పెద్ద కరెంటు ఫ్యాక్టరీ కడతారంటున్నారు. పొగ గొట్టాలు లేచాక, ఊరి మీద పడే వానలో ఏం కలుస్తోందని అందరూ అడుగుతారు. పొగ రాకముందు ఏముండేదో మాత్రం ఒక్కరూ చెప్పలేరు. అది ఇప్పుడే రాసి పెట్టుకోవాలమ్మా." అందుకని మూడు చోట్ల గరాట్లు పెట్టారు. ఇబ్రహీంపట్నంలో ఒకటి, మైలవరంలో ఒకటి, సముద్రానికి దగ్గర కాబట్టి మా ఊళ్ళో ఒకటి. గరాటు కింద సీసా ఉంటుంది. రోజూ అందులో నీళ్ళు కొలిచి రాయాలి. పెద్ద వాన పడిన రోజున ఆ నీళ్ళు బస్సులో పంపాలి. ఆవిడ లాబులో పింగాణీ గిన్నెలో పోసి ఇగరబెట్టి, అడుగున మిగిలింది తూచి చూసేవారు.

మాది నేత ఇల్లు. మావారు మగ్గం మీద, మా అత్తగారు కండెలు చుడుతూ రాట్నం దగ్గర, నేను బడిలో. పెరట్లో గరాటు పాతుతుంటే అత్తగారు వచ్చి, "దీనికి పసుపూ కుంకుమా పెట్టాలా?" అని అడిగింది. "వద్దు పెద్దమ్మ గారూ, దాని మీద చెట్టు నీడ పడకుండా చూడండి చాలు," అన్నారు మేడమ్ గారు. ఆ రోజు నుంచి ఇద్దరికీ తెగ కలిసింది.

ఆవిడకి చెప్పడం కంటే అడగడం ఇష్టం. పొడి గాలి వీచే రోజుల్లో మగ్గం మీద దారం ఎందుకు ఎక్కువ తెగుతుందని మావారిని అడిగి, తెగిన పోగులు లెక్కపెట్టుకుంటూ ఒక పూటంతా కూర్చున్నారు. చంద్రుడి చుట్టూ వెలుగు గుండ్రంగా గుడి కడితే వానొస్తుందని అత్తగారు అంటే, "గుడి ఎంత దూరంలో కట్టాలి?" అన్నారు. "గుడి దగ్గరైతే వాన దూరం, గుడి దూరమైతే వాన దగ్గర," అంది అత్తగారు. మేమైతే తలూపి ఊరుకుంటాం. ఆవిడ రెండేళ్ళపాటు గుడి కట్టిన ప్రతి సాయంత్రమూ, దాని తర్వాత పడిన వానా రాశారు. "ఏం తేలిందండీ?" అని అడిగాను. "కొన్నిసార్లు పెద్దమ్మ గారు గెలిచారు, కొన్నిసార్లు చంద్రుడు గెలిచాడు. ఇంకా రాయాలి," అన్నారు. విన్నది ఎంత పెద్దదైనా పక్కింటిది, కొలిచింది ఎంత చిన్నదైనా నీది అని తరచూ అనేవారు. అది నేను మా పిల్లలకి ఇప్పటికీ చెబుతుంటాను.

మా ఊరి బావులన్నీ ఉప్పునీళ్ళు. ఆ నీళ్ళలో కందిపప్పు ఎంతసేపు ఉడికినా పలుకు పోదు. తాగడానికి చెరువు నుంచి మోసుకొచ్చిన నీళ్ళు పప్పుకి తగలెయ్యరు కదా. అలాంటిది, వానల్లో ఒకసారి మేడమ్ గారు మా ఇంట భోంచేస్తుంటే పప్పు వెన్నలా ఉంది. "ఇంత మెత్తగా ఎలా ఉడికింది పెద్దమ్మ గారూ?" అని మూడుసార్లు అడిగారు. అత్తగారు నవ్వి ఇంకో గరిటె వడ్డించింది గాని చెప్పలేదు. చెయ్యి మహత్యం అనుకున్నాను నేను.

రెండో ఏడు ఆవిడ దగ్గర్నుంచి ఉత్తరం. "మీ ఊరి నీళ్ళు గిన్నె అడుగున తెల్లటి పొర వదులుతున్నాయి. నాలిక మీద వేసుకు చూశాను. ఉప్పు." మైలవరం వానలో అది లేదు, ఇబ్రహీంపట్నం వానలో లేదు. ఆ ఆదివారం చర్చి కాగానే బస్సెక్కి వచ్చేశారు. సీసా దేనితో కడుగుతున్నారు, చేతులు ఎక్కడ తుడుచుకుంటున్నారు, మూత ఎప్పుడు బిగిస్తున్నారు అని నన్ను పోలీసులా అడిగారు. నా వైపు తప్పేమీ దొరకలేదు. అత్తగారిని మాత్రం అడగలేదు. నేనూ అడగలేదు. రాట్నం తిప్పుకునే ముసలావిడకి వాన నీళ్ళతో ఏం పనిలే అనుకున్నాం ఇద్దరమూ.

సముద్రపు తుంపర గాలికి లేచి, మబ్బుతో కలిసి మన పొలాల మీద కురుస్తోందని ఆవిడకి నమ్మకం కుదిరింది. రైతు తప్పు లేకుండానే చేలు చవుడు తేలుతున్నాయేమోనని, ఎన్నేళ్ళకి ఎంత ఉప్పు చేరుతుందో లెక్క కట్టారు. పేపరు రాశారు. ఒక పెద్ద సభలో చదవమని పిలుపొచ్చింది. అక్కడి ప్రొఫెసరు గారు, పేపరు నిలబడితే పీహెచ్‌డీకి చేర్చుకుంటానని ఉత్తరం రాశారు. ఆవిడకి అప్పటికి నలభై అయిదు దాటాయి. "ఇరవయ్యేళ్ళు పిల్లలకి ఎవరెవరో కనిపెట్టింది చెప్పాను టీచరు గారూ. ఇది నాది," అన్నారు. ఆ మాట అన్నప్పుడు ఆవిడ మొహం చూడాలి.

సభ ఇంకో వారం ఉందనగా మా ఊళ్ళో పెద్ద వాన పడింది. పొద్దున్నే ఏడింటికి పెరట్లోకి వెళ్ళాను. అత్తగారు గరాటు ఎత్తి, సీసాలో నీళ్ళు తన ఇత్తడి చెంబులోకి వంపుకుంటోంది. తర్వాత బావి నీళ్ళు తీసుకుని, సీసాని కళ్ళకి ఎదురుగా పట్టుకుని మరీ నింపుతోంది.

"ఏం చేస్తున్నారత్తయ్యా?"

"పప్పుకమ్మాయ్. చూరు నీళ్ళు తాటాకు కంపు. ఈ గరాటు నీళ్ళు అద్దంలా ఉంటాయి." నా మొహం చూసి కంగారుపడింది. "ఊరికే తీసుకోవడం లేదే. ఎంత తీశానో అంతా పోస్తున్నా. చుక్క తేడా రాదు."

"ఎన్నాళ్ళ నుంచి?"

"మొదట్నుంచీను. పెద్ద వానప్పుడే. చిన్న వాన పప్పుకి చాలదుగా."

నేను సంగతి విడమరిచి చెబితే అత్తగారికి ఏడుపొక్కటే తక్కువ. "చెప్పకే. ఆ తల్లికి నా మొహం ఎలా చూపించను," అంది. రాయడానికి సిగ్గుగా ఉంది గాని, రెండు రోజులు నేనూ నోరు మూసుకున్నాను. ఎవరికి తెలుస్తుంది? ఆవిడ పేపరు చదువుకుంటారు, పీహెచ్‌డీలో చేరతారు, ఎవరి కొంప మునుగుతుంది అనుకున్నాను. మూడో రోజు అన్నం సహించక బస్సెక్కాను.

ఆవిడ గదిలో మంచం నిండా సైక్లోస్టైల్ కాపీలు పరిచి ఉన్నాయి. సభకి కట్టుకోవడానికి నీలం చీర ఇస్త్రీ చేసి కుర్చీ మీద వేశారు. నిలబడే చెప్పేశాను. కూర్చుంటే చెప్పలేనని భయం. ఆవిడ ఒక కాపీ తీసుకుని, ఇంకెవరో రాసింది చదువుతున్నట్టు మొదటి పేజీ చివరిదాకా చదివారు. తర్వాత, "మీ ఊరికి బస్సు ఎన్నింటికి?" అన్నారు.

మేము వెళ్ళేసరికి అత్తగారు మగ్గం గదిలో దాక్కుంది. మేడమ్ గారు వెళ్ళి రాట్నం పక్కన నేల మీద చతికిలబడ్డారు. "ఏ చెంబు పెద్దమ్మ గారూ?" అని మొదలుపెట్టి ఎప్పుడెప్పుడు తీశారు, సీసా నిండుగా ఉండేదా సగముండేదా, ఏ బావి నీళ్ళు పోశారు, అన్నీ అడిగి రాసుకున్నారు. ఆ రోజు పప్పు మాట గుర్తొచ్చి, "సాక్ష్యం నేనే తినేశానన్నమాట," అని నవ్వారు. అప్పుడు గాని అత్తగారు తలెత్తలేదు. అంతటితో ఆగారా, రెండు గిన్నెల్లో పప్పు పొయ్యి మీద పెట్టించి, బావి నీళ్ళకి ఎంతసేపు, వాన నీళ్ళకి ఎంతసేపు అని గడియారం చూస్తూ కూర్చున్నారు.

బస్సు దగ్గర అడిగాను, "మీకు కోపం రాలేదాండీ?" అని.

"వచ్చింది. ఉయ్యూరు దాకా ఉంది. తర్వాత, మెత్తగా ఎందుకు ఉడుకుతుందా అని ఆలోచన పడింది, కోపం మర్చిపోయాను."

పేపరు మానేసి ఇంట్లో ఉండొచ్చు. ఉండలేదు. అదే నీలం చీర కట్టుకుని సభకి వెళ్ళి ఒక్క పేజీ చదివి వచ్చారు. ఆ ఉప్పు సముద్రానిది కాదు, పప్పు కోసం మార్చి పోసిన బావి నీళ్ళదని, ఇంట్లో అందరినీ అడక్కపోవడం తన తప్పని చెప్పారట. హాలంతా నవ్వారట. ఆ సంగతి చెల్లెలు గారు చెబితే తెలిసింది, ఆవిడ చెప్పలేదు. కొన్నాళ్ళకి ఉండబట్టలేక, "ప్రొఫెసరు గారి ఉత్తరం వచ్చిందాండీ?" అని అడిగాను. "రాలేదు. మీ సీసా వచ్చింది," అన్నారు. పాత పుస్తకం పక్కన పెట్టి కొత్త పుస్తకంలో మొదటి రోజు నుంచి మొదలుపెట్టారు. మా వల్ల ఆవిడకి జరిగిన నష్టం గురించి ఒక్కనాడూ ఎత్తలేదు. నేను మాత్రం మర్చిపోలేదు.

సమాధికి నాతో అత్తగారూ వచ్చింది. మోకాళ్ళ నొప్పులతో గడప దాటని మనిషి, వద్దంటే వినలేదు. ఇంటి ముందు పందిరి కింద పెట్టె ఉంది. ఆడవాళ్ళు పాట పాడుతున్నారు. నెరిసిన జుట్టాయన ఒకరు, రైలు దిగి నేరుగా వచ్చినట్టున్నారు, చెల్లెలు గారిని, "ఆ పప్పు ఇంటివాళ్ళు వచ్చారా?" అని అడిగి మా దగ్గరికి వచ్చారు. సభలో కూర్చున్న ప్రొఫెసరు గారు ఆయనే.

"ఆ రోజు అందరితో పాటు నేనూ నవ్వానమ్మా," అన్నారు అత్తగారితో. "ఇంటికెళ్ళాక, మా లాబులో సీసాలు ఎవరు కడుగుతారో నాకే తెలీదని తట్టింది. వెళ్ళి అడిగాను."

"అడిగితే?"

"నా మూడేళ్ళ పనీ తప్పని తేలింది. అచ్చయిన పేపరు వెనక్కి తీసుకున్నాను. ఆవిడకి రాద్దామని ఎన్నిసార్లో కూర్చున్నాను. చిన్నతనం అనిపించి రాయలేదు. పీహెచ్‌డీకి రమ్మనీ రాయలేదు. ఇప్పుడు రైల్లో రాశాను, ఎవరికివ్వాలో తెలీలేదు." జేబులోంచి మడతపెట్టిన కాగితాలు తీశారు.

అత్తగారు ఆయన్ని ఎగాదిగా చూసింది. "నాకెందుకు చెబుతావు బాబూ? పెట్టె ఇంకా మూయలేదు. పోయి ఆమెకే చెప్పుకో."

వేళాకోళం కాదని ఆయనకి అర్థమైంది. చెప్పులు విడిచారు. ఆడవాళ్ళు పాట ఆపి జరిగారు. ఆయన పెట్టె పక్కన వంగి, కళ్ళజోడు సర్దుకుని, ఏ నెలలో ఏ సీసా తప్పయిందో ఒక్కొక్కటే ఆవిడకి చదివి వినిపించడం మొదలుపెట్టారు. మూత పట్టుకుని నిలబడ్డ మనుషుల్ని పాస్టరు గారు ఆగమని చెయ్యెత్తారు.