కింది కన్ను

ఫణిభూషణ్ నంది చేసిన ద్రోహం అరచేతిలో ఇమిడిపోయేంత చిన్నది. ఒక ఎర్ర గాజు బిళ్ల. కిళ్లీ నములుతూ వచ్చి, రమ్మనకుండానే స్టూడియోలో బల్ల మీద చతికిలబడి, దాన్ని క్షణప్రభ చేతిలో పెట్టాడు.

"బౌదీ, చామనచాయ పిల్లల్ని తీయమంటే నీకు చెమటలు పడుతున్నాయట గదా! ఇది లెన్సుకు బిగించు. కాకిపిల్ల కూడా కొంగలా వస్తుంది."

"అంత గొప్పదైతే నువ్వే ఉంచుకోక నాకెందుకు, ఠాకూర్‌పో?"

"ధీరేన్ దా పోయాక నీ మంచిచెడ్డలు చూడాల్సిన మరిదిని కాదూ నేను!"

ఈ వదినా మరిదుల వరస నోటి మాటే. కాట్వా బజారులో ఆ చివర అతని స్టూడియో, ఈ చివర ఆమెది. మొగుడు ధీరేన్ పోయాక క్షణప్రభ ఏడుస్తూ మూల కూర్చోలేదు. అతను వదిలివెళ్లిన కెమెరాను మెడలో వేసుకుని ఇళ్లలోకి వెళ్లడం మొదలుపెట్టింది. పరాయి మగవాణ్ని గుమ్మం దాటనివ్వని ఇళ్లు కూడా ఆమెకు పడకగది దాకా తలుపులు తీశాయి. పెళ్లిచూపుల ఫోటోలు, కొత్త కోడళ్ల ఫోటోలు అన్నీ ఆమెవే అయ్యాయి. ఫణిభూషణ్‌కు మిగిలినవి ఉద్యోగాల దరఖాస్తులకు అతికించే బిక్కముఖాలు.

ఆమె కెమెరా పాతకాలపు జర్మనీ పెట్టె. ఒకదాని మీద ఒకటిగా రెండు కళ్లు దానికి. పై కన్నుతో చూడాలి, కింది కన్ను తీస్తుంది. తల వంచి పైనుంచి చూస్తే ఎదుటి మనిషి బొమ్మ గరుకు గాజు మీద కుడి ఎడమలు తారుమారై నిలబడుతుంది. రంగు బిళ్ల బిగించేది మాత్రం కింది కంటికి. అది ఏం చేస్తుందో తీసేవాళ్లకు ముందుగా కనబడదు. ఫణిభూషణ్‌కు ఆ సంగతి తెలుసు. ఆకాశంలో మబ్బులు దట్టంగా రావడానికి వాడే బిళ్ల అని తెలుసు. ముఖాలకు వాడితే ఏమవుతుందో ఇంకా బాగా తెలుసు.

బియ్యం మిల్లు వాళ్ల కొత్త కోడలు పారుల్ చామనచాయ పిల్ల. అత్తింట్లో తొలిసారి వడ్డన చేసిన రోజున ఎర్ర బనారసు చీర కట్టి, పాపిట నిండా సిందూరంతో, పాదాలకు పారాణితో కూర్చోబెట్టారు. క్షణప్రభ ఎర్ర బిళ్ల బిగించి తీసింది. ప్రింటులో పారుల్ ముఖం వెన్నెల కడిగినట్టు వచ్చింది. క్షణప్రభ ఆ ముఖాన్నొక్కదాన్నే చూసుకుని మురిసిపోయింది. మిల్లు వాళ్లింట్లో అందరూ మురిశారు. చివరికి ముసలి నాయనమ్మ ప్రింటును కిటికీ దగ్గరికి పట్టుకెళ్లి, పాపిట మీద వేలు పెట్టింది.

"సిందూరం ఏదే?"

లేదు. నలుపు తెలుపు ఫోటోలో ఎర్ర గాజు ఎరుపును తెలుపు చేసేస్తుంది. పాపిట బోసిగా ఉంది. బొట్టు లేదు. పారాణి లేదు. పగడపు గాజులు తెల్లటి శంఖపు గాజుల్లో కలిసిపోయాయి. బనారసు చీర తెల్లచీరైపోయింది. పసుపు బట్టలింకా ఆరని పిల్ల, విధవ వేషంలో కూర్చుని నవ్వుతోంది.

భాద్రపదంలో భాగీరథి నిండుగా ఉన్నప్పుడు పారుల్ మొగుడెక్కిన పడవ తిరగబడింది. శవం కూడా వెంటనే దొరకలేదు.

ఆ తర్వాత ఆ ఫోటో ఊరంతా చేతులు మారింది. "ధీరేన్ పెళ్లాం కెమెరా సిందూరం తినేస్తుంది" అన్నారు. తన పాపిట బోసిపోయింది కాబట్టి ఊళ్లో వాళ్లవీ బోసి చేస్తోందన్నారు. ఫణిభూషణ్ మాత్రం నాలుక కరుచుకుని, "పాపం, అలా అనకండి. బౌదికేం తెలుసు!" అనేవాడు. ఆ పాపం అన్న మాటే నిప్పుకు గాలయింది. ముత్తైదువలు ఆమె స్టూడియో ముందు నుంచి వెళ్లడమే మానేశారు. మరి ఆమె ఎలా బతికిందంటే, చచ్చినవాళ్లతో బతికింది. శవం ఫోటో తీయడానికి మాత్రం పిలిచేవాళ్లు. చచ్చినవాళ్లకు ఇంకేం పోతుంది?

*

ఈ కథంతా బాదల్ కర్మకార్ ఆమె నోటే విన్నాడు.

బాదల్‌ది కలకత్తా. ధర్మతలా వెనక సందులో పాత కెమెరాలు బాగుచేసే దుకాణం. దుకాణం అంటే గోడకు కొట్టిన చెక్క, దాని కింద రేకు పెట్టె. పెట్టె నిండా యజమానులు పోయిన కెమెరాల సరంజామా. పని లేనప్పుడు కాలిబాట మీద కొన్న చిరిగిన పుస్తకాలు చదివేవాడు. చదివిన కొద్దీ లోకం మీద కోపం పెరిగింది. తాయెత్తులు, వారాలు, శకునాలు వింటే ఒళ్లు మండేది.

క్షణప్రభ అతని దగ్గరికి వచ్చింది లెన్సు హుడ్డు కోసం.

"శ్మశానం ఘాట్‌లో ఎండ నీళ్ల మీద పడి లెన్సులోకి కొడుతోంది బాబూ. లెన్సుకు గొడుగు పట్టాలి."

అతనిచ్చినదాన్ని తిప్పి బిగించబోయి వెనక్కి ఇచ్చేసింది. "ఇది పెద్ద కెమెరాది, అన్నగారిది. నాది తమ్ముడి మూతి, చిన్నది. చూడకుండానే అంటగడతావా?"

బాదల్ నవ్వి సరైనది వెతికిచ్చాడు. తర్వాత తోలు సంచి తీసి ముందు పెట్టి, పిన్ని వరస కలిపాడు. "అసలు జర్మనీది, మాసీమా. కెమెరాకు తొడిగితే రాజకుమారుడే."

ఆమె మూత తీసి వాసన చూసింది. "బాబోయ్! ఇందులో ఎన్ని వానాకాలాలు దాక్కున్నాయి! దీన్లో పెడితే లెన్సు లోపల బూజు వేళ్లు చాచి పాకుతుంది. ఒకసారి పాకితే పక్కన పెట్టినవాటికీ అంటుకుంటుంది. అవతల పారెయ్."

"పోనీ ఈ పట్టకం పెట్టుకోండి. మనిషి తారుమారు కాకుండా తిన్నగా కనబడతాడు."

"శవానికి కుడేమిటి, ఎడమేమిటి నాయనా? మెడకు దండగ బరువు."

బాదల్ పగలబడి నవ్వాడు. ఇంత తెలిసి కొనేవాళ్లు అతనికి అరుదు. ఇంకేమైనా పనికొస్తుందేమోనని రంగు బిళ్లల డబ్బా మూత తీశాడు. పైనే ఎర్రది ఉంది. పాము మీద చెయ్యి వేసినట్టు ఆమె చెయ్యి వెనక్కి లాక్కుంది.

అప్పుడు చెప్పింది, పారుల్ సంగతి.

"అది గాజు చేసిన పని మాసీమా!" బాదల్ గొంతు పెంచాడు. "దీన్లోంచి ఏ ఎరుపును తీసినా తెల్లగానే వస్తుంది. మందారమైనా, మటన్ కొట్టు మొద్దయినా. మీరు ఊళ్లో వాళ్లకు చెప్పలేదా?"

"గాజు అబద్ధం చెప్పింది, మనిషి నిజంగా చచ్చాడు. వాళ్లు దేన్ని నమ్ముతారు?" ఆమె హుడ్డును కొంగుకు తుడిచింది. "స్టూడియో ముందు అద్దాల బీరువా ఉంది నాకు. ఖాళీ. శవాల్ని పెట్టలేను గదా. బతికున్న ముత్తైదువ ముఖం ఒక్కటి, ఒక్కటంటే ఒక్కటి అందులో ఉంటే చాలు. ఆ ఒక్కతీ సుఖంగా ఉందని ఊరు చూస్తే చాలు. ఎవరు కూర్చుంటారు?"

"మా ఆవిడ కూర్చుంటుంది."

"వద్దు."

"మీరూ నమ్ముతున్నారా ఏంటి?"

ఆమె హుడ్డును మళ్లీ కొంగుకు తుడిచింది. బాదల్ డబ్బాలోంచి పచ్చ బిళ్ల ఏరి తీశాడు. "ఇది ఎర్రదానికి మొగుడు. సిందూరం కాటుకంత నల్లగా వస్తుంది. భూతద్దం పెట్టి వెతికే పని లేదు. ఉట్టి లెన్సుతో తీస్తే మళ్లీ ఎవరో ఒకరు ఉందా లేదా అంటారు. ఇది పెట్టండి. ఆ ఫోటో మీ బీరువాలో నా చేత్తో నేనే పెడతాను. ఊరి నోరు మూయిస్తాను."

*

ఇంట్లో తల్లి అన్నం పళ్లెం ముందునుంచి లేచి నిలబడింది. "శవాల్ని తీసిన కెమెరా ముందు కడుపుతో ఉన్న పిల్లను కూర్చోబెడతావా? చదివి చదివి నీకు మతి పోయిందిరా!"

భార్య శేఫాలి చేప ముల్లు తీస్తూ తలెత్తలేదు. "అత్తయ్యా, ఆయన మాటివ్వడం అయిపోయింది. నన్నడగడం ఇప్పుడు." తర్వాత మొగుడి వంక చూసింది. "నీ వాదం గెలవడానికి నా పాపిట కావాలా?"

"నీకూ భయమేనా?"

"నాకేం పోయింది? పోతే నువ్వు పోతావు." నవ్వింది. ఆ నవ్వు సగంలోనే ఆగింది.

ఆదివారం లోకల్ బండిలో కాట్వా వెళ్లారు. బజారులో క్షణప్రభ స్టూడియో వైపు తిరగ్గానే నూలు కొట్టు దగ్గర బేరమాడుతున్న ఆడవాళ్లు మాట్లాడటం ఆపేశారు. ఒకావిడ శేఫాలి పొట్ట వంకా, పాపిట వంకా చూసి కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. ఎదురు కొట్టు గుమ్మంలో నిలబడి పళ్లు కుట్టుకుంటున్న నెరిసిన జుట్టు మనిషి, "ఎక్కడినుంచి బాబూ? ఈ స్టూడియో సంగతి తెలిసే వచ్చారా?" అని ఎంతో దయగా అడిగాడు. ఫణిభూషణే అయ్యుంటాడని బాదల్‌కు అనిపించింది. శేఫాలిని ముందుకు నడిపించాడు.

లోపల గోడల నిండా చచ్చినవాళ్లు. ముక్కుల్లో దూది, నుదుటి మీద గంధం చుక్కలు, కళ్ల మీద తులసి ఆకులు. చుట్టూ బతికున్నవాళ్లు కెమెరా వైపు చూస్తున్నారు. వాళ్లలో కొందరు పక్క ఫోటోలో పడుకుని ఉన్నారు.

"పీటను కాస్త కిటికీ వైపు జరుపుకో తల్లీ. గడ్డం దించు. ఇంకా. పాపిట కనబడాలి." క్షణప్రభ పచ్చ బిళ్లను కింది కంటికి బిగించి, పై గాజులోకి తల వంచింది. చాలాసేపు వంచే ఉంది. బతికున్న మనిషి కదులుతుందని, ఊపిరి తీస్తుందని ఆమె మరిచిపోయినట్టుంది. మళ్లీ మళ్లీ తల ఎత్తి శేఫాలిని నేరుగా చూసుకుంది. మీట నొక్కినప్పుడు పెద్ద చప్పుడు కూడా రాలేదు. గోరు విరిగినంత.

"అయిపోయిందా?" శేఫాలి అడిగింది.

"అయిపోయింది."

శేఫాలి చెయ్యి తెలియకుండానే పాపిట మీదికి వెళ్లింది. వేలికి అంటిన ఎరుపును చూసుకుంది.

*

ప్రింటు వచ్చే ఆదివారానికి ఇస్తానంది క్షణప్రభ. మధ్యలో ఏమీ జరగలేదు. అదే బాదల్‌ను పీక్కుతింది. తల్లి అతని చేతికి నల్లదారం కట్టబోతే విదిలించుకున్నాడు. కానీ దుకాణంలో తీగ ముట్టుకునే ముందు కరెంటు ఆపాడో లేదో మళ్లీ మళ్లీ చూసుకున్నాడు. కదిలే ట్రాము ఎక్కడం మానేశాడు. రోజూ హౌరా వైపు ఇంటికి పడవలో నది దాటేవాడు, ఆ వారం వంతెన మీద నడిచాడు. తన మీద తనకే నవ్వొచ్చింది. నవ్వుకుంటూనే వంతెన ఎక్కాడు. అద్దంలో ముఖం చూసుకుంటే, గంధం చుక్కలు ఎక్కడ పెడతారో అక్కడ దురద పుట్టేది.

శేఫాలి గమనించింది. "పడవ ఏమైంది?"

"గాలి వేడిగా ఉంది, నడుద్దామనిపించింది."

"వంతెన మీద గాలి చల్లగా ఉంటుందా?" అంది ఆమె. అతను చొక్కా గుండీలు పెట్టుకుని బయటికి వెళ్లిపోయాడు.

ఆదివారం ఒక్కడే వెళ్లాడు. క్షణప్రభ అద్దాల బీరువా కడిగి, లోపల కొత్త నీలం మఖమలు పరిచింది. పళ్లెంలో అతనికి సందేశ్ మిఠాయి పెట్టింది. అతను వస్తాడని ఊళ్లో చెప్పుకున్నట్టుంది, ఇద్దరు ముగ్గురు ఆడవాళ్లు గుమ్మం అవతల తచ్చాడుతున్నారు. దగ్గరికి రావడం లేదు, వెళ్లిపోవడమూ లేదు.

"నీ చేత్తో పెడతానన్నావుగా" అని ప్రింటు అతని చేతికిచ్చింది.

సిందూరం ఉంది. ఎంత ఉందంటే, అది తప్ప ఇంకేమీ కనబడనంత ఉంది. నుదుటినుంచి నడినెత్తి దాకా నల్లటి గీత. పచ్చ బిళ్ల చేసే పని అదేనని బాదల్‌కు తెలుసు. అది చర్మాన్నీ నల్లబరుస్తుందని, పెదవుల్ని బొగ్గు చేస్తుందని తెలుసు. తెలిసీ చూస్తుంటే, కాల్చి తెచ్చిన ముఖానికి తల నిలువునా చీలినట్టు ఉంది.

"బాగా వచ్చింది" అన్నాడు. "మాసీమా, దీన్ని ఇంటికి తీసుకెళ్తాను. అమ్మకు చూపించి..."

"తీసుకెళ్లు. బీరువాకు ఇంకోటి కడిగిస్తాను. ఎంతసేపు!"

బాదల్ బీరువా వైపు చూడలేదు. "నెగెటివ్ కూడా ఇవ్వండి."

బయట ఆడవాళ్లలో ఒకావిడ మెడ చాచింది.

"నెగెటివ్ దేనికి బాబూ?"

"ఊరికే. ఇంట్లో ఉంటే మంచిదని."

"ఎవరికి మంచిది?"

ఎర్ర గాజు ఎరుపును తెలుపు చేస్తుందని ఆమెకు గొంతు చించుకుని చెప్పినవాడు అప్పుడు చెయ్యి చాచి నిలబడ్డాడు. క్షణప్రభ చీకటి గదిలోకి వెళ్లి, క్లిప్పుకు వేలాడుతున్న నెగెటివ్ తెచ్చి కాగితంలో చుట్టి ఇచ్చింది. సందేశ్ పళ్లెం మీద గిన్నె బోర్లించింది. గుమ్మం దగ్గరి ఆడవాళ్లు ఒకరి చెయ్యి ఒకరు పట్టుకుని గబగబా నడిచిపోయారు. సాయంత్రానికి ఊరంతా తెలుస్తుంది, తీయించుకున్నవాడే భయపడి పట్టుకుపోయాడని. ఫణిభూషణ్ ఇక నాలుక కూడా కరుచుకోనక్కర్లేదు.

బాదల్ మెట్టు దిగాడు. మళ్లీ ఎప్పుడూ అతను కాట్వా వెళ్లలేదు, ఆమె ధర్మతలా సందుకు రాలేదు. అప్పుడు మెట్టు దగ్గర వెనకనుంచి ఆమె పిలిస్తే తిరిగి చూశాడు. కెమెరా మెడలో వేసుకుని గుమ్మంలో నిలబడి ఉంది. కింది కంటికి ఏ బిళ్లా లేదు. గొంతులో కోపం లేదు, శాపం లేదు. గిరాకీతో మాట్లాడినట్టే మాట్లాడింది.

"వెలుతురు బాగుంది, రా, కూర్చో. నీదీ ఒకటి ఇప్పుడే తీసేస్తాను. తర్వాత శ్మశానం ఘాట్‌కు రమ్మని మీవాళ్లు కబురు పెడితే నేను రాను."