నన్ను వెంటాడిన ఇంజినీరు

ఇప్పుడు సంచిలో ల్యాప్‌టాప్ ఉందంటే పక్కవాడు తల కూడా తిప్పడు గానీ, ఆ రోజుల్లో దాన్ని భుజాన తగిలించుకుని బస్సెక్కితే కండక్టరు కూడా నన్ను "మీరు" అనేవాడు. నాది దాదాపు తిరగలి అంత బరువుండేది. ఆ మోతకు నా కుడి భుజం ఇప్పటికీ రెండంగుళాలు కిందికే ఉంటుంది (మా ఆవిడ అంగుళమే అంటుంది, ఆవిడకు కొలతలు రావు). ఏ ఆవు పాలలో వెన్న ఎంతుందో రాసిపెట్టే ప్రోగ్రాంను పాల సంఘాలకు అమ్మడం నా ఉద్యోగం. మూడు నెలల్లో ఒక్క సంఘమూ కొనలేదు. చింతామణి ఊళ్ళో ఒక సంఘం అధ్యక్షుడికి ఫలానా రోజు మూడు గంటలకు చూపించి ఒప్పించాలి, లేకపోతే మర్నాటి నుంచి రానక్కర్లేదని మా మేనేజరు చాలా మర్యాదగా చెప్పాడు.

ముందురోజు చిక్కబళ్ళాపురంలో మా చిన్నమ్మ ఇంట్లో దిగాను. ల్యాప్‌టాప్ సంచికున్న జేబులు చూసి ఆమెకు గుండె తరుక్కుపోయింది. "ఇన్ని జోబులు ఖాళీగా పెట్టుకోని యాడికి పోతావురా" అంటూ వేయించిన శెనక్కాయలు జేబుల్లోనూ, ల్యాప్‌టాప్ చుట్టూ ఉన్న సందుల్లోనూ కూరింది. పొద్దున మీట నొక్కితే తెర వెలగలేదు. ఛార్జరు గుచ్చినా దీపం రాలేదు. "దిష్టిరా. ఎదురింటాయమ్మ నిన్న దాన్నే చూస్తా ఉండె" అని చిన్నమ్మ ఎండుమిరపకాయలు దిగదీసి పొయ్యిలో వేసింది. మేమిద్దరం దగ్గి దగ్గి అలిసిపోయాం. ల్యాప్‌టాప్ మాత్రం ఉలకలేదు.

కస్టమర్ కేర్‌కు ఫోన్ చేశాను. తేనెలాంటి ఇంగ్లీషులో ఒకమ్మాయి నా ఫిర్యాదుకు పదకొండు అంకెల నంబరిచ్చి, మీరు ఎక్కడుంటే అక్కడికే ఇంజినీరు వస్తాడంది. చివర్న "ఇంకేమైనా సాయం కావాలా సార్" అని అడిగింది. మొదటిదే ఇంకా కాలేదు గదమ్మా అనబోయి, వద్దన్నాను. ఎంతసేపు చూసినా అతను రాకపోతే, బాగేపల్లిలో వేరే పనుండి పోయాను. నేను అక్కడ దిగగానే ఆమె ఫోన్: ఇంజినీరు చిక్కబళ్ళాపురంలో మీ చిన్నమ్మగారింట్లో కాఫీ తాగుతున్నాడు. సరే, బాగేపల్లికి పంపమన్నాను. పన్నెండు దాటినా రాలేదు. అప్పుడు కదిలే బస్సు తప్పితే మూడింటికి చింతామణి చేరలేను, అందుకని చింతామణికే రమ్మని చెప్పి ఎక్కేశాను. ఎవరు ఎవరి వెనక పోతున్నామో అప్పటికి నాకే తెలియడం లేదు. చేలూరు దారిలో ఫోన్‌కు సిగ్నలూ పోయింది.

బాగేపల్లిలో బస్సు కదిలేటప్పుడు పరిగెత్తుకొచ్చి ఎక్కిన మీసాలాయన ఒకడు నా పక్కన కూలబడి ఉన్నాడు. ముఖం వాడిపోయి ఉంది.

"ఏమప్పా, ఒంట్లో బాలేదా?"

"ఒళ్ళు బాగానే ఉండాదన్నా, నసీబే బాలేదు. ఒక మహానుభావుడు పొద్దుట్నించీ తిప్పుతాండాడు. యాడ చూసినా ఇప్పుడే పోయినాడంటారు."

"అట్లాంటోళ్ళకు పని చేసిపెట్టకూడదప్పా" అన్నాను జాలిగా. "నాకూ ఒక పనోడు తగిలినాడు. వస్తాండా, వస్తాండా అంటాడు, రాడు."

"అట్లాంటి సోమరోళ్ళ వల్లనే మాకు చెడ్డపేరు" అని ఆయన నిట్టూర్చాడు.

మా స్నేహం ముదిరింది. మధ్యాహ్నం తినలేదంటే సంచి జిప్పు తీసి శెనక్కాయలు తీసుకోమన్నాను. ఆయన చెయ్యి లోపలికి వెళ్ళి ల్యాప్‌టాప్ మీదే ఆగిపోయింది. కాసేపు నన్ను చూశాడు. తర్వాత మెల్లగా ఒక నంబరు చెప్పడం మొదలుపెట్టాడు. ఆరో అంకె దగ్గర ఆయన ఆగితే మిగతా అయిదూ నేనే చెప్పాను. ఆ తర్వాత రెండు కిలోమీటర్లు మేమిద్దరం కిటికీలోంచి టమాటా తోటలు చూశాం.

చివరికి ఆయనే ముందుసీటు అవ్వను పిన్నీసు అడిగాడు. ఛార్జరు గుచ్చే రంధ్రంలోంచి శెనక్కాయ పెంకు ముక్క ఒకటి బయటికొచ్చింది. చింతామణి బస్టాండులో సోడా అంగడిలో ప్లగ్గు పెడితే దీపం వెలిగింది. తినుబండారం వల్ల చెడితే వారంటీ చెల్లదట. కాగితంలో కారణం అన్నచోట ఆయన "ప్రయాణపు దుమ్ము" అని రాసి, మిగిలిన శెనక్కాయలు జేబులో పోసుకున్నాడు. అధ్యక్షుడు నా తెరను చూడనే లేదు. ఆలస్యానికి కారణం అడిగి, పిన్నీసు కథ రెండుసార్లు చెప్పించుకుని, "చెడిపోతే ఇట్ల బస్సులో ఎంటబడి వచ్చి బాగుచేస్తారంటే తీసుకుంటామప్పా" అన్నాడు. (ఆ ఇంజినీరు మా కంపెనీవాడు కాదని చెప్పే సందర్భం నాకు ఇంతవరకూ రాలేదు.)

బయటికి రాగానే ఆ అమ్మాయి మళ్ళీ ఫోన్ చేసింది. అంతా సరిపోయిందన్నాను. "ఇంకేమైనా సాయం కావాలా సార్?" అలవాటుగా మన మాటలోనే "నువ్వు తిన్నావామ్మా?" అని అడిగాను. ఆ తేనె ఇంగ్లీషు గొంతే, "ఇంగా లేదన్నా. మీ పని అయినాక తిందామని ఉండాను" అంది.

ఇప్పుడు ఫోన్ చేస్తే ఒకటి నొక్కు, రెండు నొక్కు అంటూ యంత్రం మాట్లాడుతుంది. ఇంట్లో ఎవరూ లేనప్పుడు దాన్ని కూడా తిన్నావామ్మా అని అడిగి చూస్తుంటాను. మీరు ఎంచుకున్నది సరైనది కాదు, అంటుంది.