ఖాజా సార్ ఆఫ్‌సీజన్ కాగితం

ప్రొద్దుటూరులో నేను నడిపే జిమ్‌లో పొద్దున్నే ఎవరో ఒకరు అరచేతులకు సుద్దపొడి రాసుకుని చప్పట్లు కొడతారు. ఆ పొడి ముక్కుకు తగిలితే చాలు, జమ్మలమడుగులో ఖాజా సార్ రేకుల షెడ్డు గుర్తొస్తుంది. కువైట్ జిమ్‌లో ఏళ్లతరబడి పనిచేసి వచ్చిన మనిషి. బరువులు, తాడు, పరుగు కలిపి పెట్టే ఫిట్‌నెస్ పోటీలకు మమ్మల్ని తయారుచేసేవారు. పోటీలు లేని నెలల్లో ఎవరు ఏ వారం ఏం చేయాలో విడివిడిగా కాగితం మీద రాసిచ్చేవారు.

జిల్లా పోటీ గెలిచిన ఏడు నాకు కుడి భుజం పట్టేసింది. రాష్ట్ర పోటీకి ఆరు నెలలుంది. నా కాగితంలో మొదటి నెలంతా ఒకటే మాట: విశ్రాంతి. బుద్ధిగా మా ఊరు వేముల వెళ్లిపోయాను. నెల తర్వాత తిరిగొస్తే చెయ్యి తలపైకి లేవలేదు.

“బరువులు ముట్టినావా?”

“అమ్మతోడు సార్, ముట్టలేదు.”

“మరి ఇంటికాడ ఏం చేస్తాంటివి?”

“ఏం లేదు సార్. అరటి కోత గదా, గెలలు మోసి లారీకి ఎత్తినా. అంతే.”

నిజంగానే నాకు అందులో తప్పు కనబడలేదు. మా ఇళ్లలో అది పని, వ్యాయామం కాదు. తిట్లు తప్పవని తల దించుకున్నాను. సార్ మాత్రం నా చేతిలోని కాగితం తీసుకుని చదివారు.

“తప్పు నాదేమ్మా. ఇంటికాడ ఏం మోస్తావని అడక్కుండానే రాసిస్తి.”

ఆ ఆదివారం బస్సెక్కి మా తోటకొచ్చారు. వద్దన్నా వినకుండా గెలలు మోసి, మూడోదానికే గట్టు మీద కూలబడ్డారు. మా అమ్మ కొంగు అడ్డం పెట్టుకుని నవ్వింది.

“అప్పా, శానా బరువుండాయి గదా! భుజం మానేదాకా పాపతో మోయించొద్దు. కావాలంటే నేనొచ్చి మోస్తా,” అన్నారు మా నాయనతో.

“నువ్వా సారూ? మూడిటికే కూలబడితివి! వద్దులే, మేమే చూసుకుంటాం,” అన్నాడు నాయన.

ఆ ఏడు రాష్ట్ర పోటీకి వెళ్లలేకపోయాను. బాగా ఏడ్చాను. అయితే మరుసటి ఆఫ్‌సీజన్‌కు సార్ మొదట మా కోత వారాలు రాసి, మిగిలిన రోజుల్లోనే కసరత్తు సర్దారు. ఆ కాగితంతోనే రాష్ట్ర పోటీ దాకా వెళ్లాను. సార్ పోయి మూడేళ్లయింది. ఆయన మీద బెంగ ఇంకా తీరలేదు.

మొన్న కలమల్ల నుంచి ఒకమ్మాయి చేరింది. ఇంట్లో ఏం పని చేస్తావని అడిగాను.

“ఏం లేదక్కా.”

“ఏమీ మోయవా?”

“మా జేజికి కాళ్లు రావక్కా. దినానికి నాలుగు తూర్లు మంచం మీదనుంచి ఎత్తుకుంటా. అదేం పనిలే.”

పెన్ను తీసి, ఆ అమ్మాయి కాగితంలో మొదటి వరుసలో వాళ్ల నాయనమ్మను ఎత్తడమే రాశాను.