అరచేతిలో మట్టి

ఈ రోజు ఉదయం ఆరూ పదికి మా వీధి చివర ఇనుప గుండు కడ్డీని కొట్టడం మొదలైంది. మధురానగర్‌లో పాత ఇల్లొకటి పడగొట్టారు. కొత్తది కట్టేముందు మట్టి పరీక్ష చేస్తున్నారు. యంత్రం ఎత్తి వదిలే గుండు కాబట్టి దెబ్బకీ దెబ్బకీ మధ్య విరామం ఒకేలా ఉంది. మా రోజుల్లో మనుషులే తాడుతో లాగి వదిలేవారు. వాళ్లు అలసిపోతే ఆ సంగతి చప్పుడులో తెలిసేది. టీ చల్లారిపోయేదాకా వింటూ కూర్చున్నాను. నాకు ఈ పని నేర్పిన రాజ్యలక్ష్మి గారు పోయిన నెల చనిపోయారు.

అమీర్‌పేటలో ప్రతి గోడమీదా కంప్యూటర్ కోర్సుల పేర్లున్న రోజులవి. సివిల్ చదివిన నేను కూడా వాటికోసమే ఏలూరు నుంచి వచ్చి, అవి ఒంటబట్టక, ఆవిడ నడిపే చిన్న ఆఫీసులో చేరాను. "బీటెక్ చదివి మట్టి పిసుక్కుంటావేంట్రా?" అని హాస్టల్ గదిలో నవ్వేవారు. ఆ మాట ఆవిడకు చెప్తే, "పిసకడం కూడా ఇంకా సరిగ్గా రాలేదు నీకు" అన్నారు.

గుండును ఒకే ఎత్తు నుంచి వదిలి, కడ్డీ కొంత లోతు దిగడానికి ఎన్ని దెబ్బలు పట్టాయో లెక్కపెడతాం. ఎక్కువ పడితే నేల గట్టిది, తక్కువ పడితే మెత్తనిది. కడ్డీ చివరనున్న గొట్టంలో ఆ లోతులోని మట్టి పైకి వస్తుంది. ఇంతవరకూ అందరూ చేసేదే. ఆవిడ మాత్రం ఇంటి యజమాని వచ్చేవరకు గొట్టం విప్పనిచ్చేవారు కాదు. విప్పాక ఆ మట్టిని ఆయన అరచేతిలో పెట్టి, "మీ ఇల్లు నిలబడేది దీనిమీద. పట్టుకు చూడండి" అనేవారు. చాలామంది మొహమాటానికి పట్టుకుని, వెంటనే చేతులు కడుక్కోవడానికి నీళ్లడిగేవారు.

బల్కంపేట సందులో యాదయ్య అనే ఆయన తన పాత ఇల్లు తీసేసి, కోర్సులకొచ్చే పిల్లల కోసం ఐదంతస్తుల హాస్టల్ కట్టబోయాడు. పరీక్షకోసం స్థలం మూలన వేసిన బోరులో కొద్ది లోతుకే కడ్డీ ఆగిపోయింది. ఎంత కొట్టినా దిగదు. గుండు ఎగిరిపడుతోంది. యాదయ్య సంబరపడ్డాడు.

"బండ తగిలింది మేడమ్! ఇగ ఫికర్ లేదు. రాసియ్యిండ్రి, రేపే పునాది మొదలువెడ్త."

"మిగతా చోట్ల ఇంత పైన బండ లేదు కదండీ. కొంచెం పక్కన ఇంకో బోరు వేద్దాం."

"జర ఆలోచన జెయ్యుండ్రి మేడమ్. ఎండకాలం దాటితే పిల్లలు వేరే హాస్టల్‌కు పోతరు. ఇంకో ఇంజనీర్‌ను పిలిస్తే బండ అనే రాసిస్తడు."

"రాస్తారు. పిలవండి. నేను మాత్రం రాయలేను." ఆవిడ గొంతులో కోపం లేదు. అలసట ఉంది.

గొణుక్కుంటూనే ఒప్పుకున్నాడు. పక్క బోరులో కడ్డీ దాదాపు తన బరువుకే దిగిపోయింది. గొట్టంలో వచ్చినదాన్ని ఆవిడ ఆయన చేతిలో పెట్టారు. బూడిద, పెంకులు, పచ్చ గాజు ముక్క ఒకటి. ఆయన గాజు ముక్కను వేలితో తిప్పి చూశాడు.

"గిది మా ఇంటి నీళ్ల బాయి మేడమ్," అన్నాడు. "నేను సిన్నగున్నప్పుడు పూడ్చిన్రు. పెద్ద పెద్ద రాళ్లు సుత ఏసిన్రు. ముందుగాల కడ్డీకి తగిలింది గదే. బాయి గోడ అవతల, పక్కోళ్ల జాగల ఉందనుకున్న. ఇప్పుడేం జెయ్యాలె?"

"బావి అడుగుదాకా తవ్వి, పూడ్చిందంతా తీయించండి. పిల్లలు పడుకునే చోటు కదండీ."

తవ్వించాడు. ఆ ఏడు హాస్టల్ తెరవలేకపోయాడు. తర్వాత, "ఆ మేడమ్‌ను పిలిస్తే పని ఆగుతది" అని బస్తీ అంతా చెప్పాడని తెలిసింది. నేను ఉడుక్కుంటే ఆవిడ నవ్వారు. "నిజమే కదయ్యా, ఆగింది." మమ్మల్ని పిలిచేవారు తగ్గారు. ఆవిడ పద్ధతి మార్చుకోలేదు.

చివరిసారి పంజగుట్టలో వాళ్ల ఫ్లాట్‌కు వెళ్లినప్పుడు మంచంమీద నుంచే అడిగారు. "యజమానులు సైటుకు వస్తున్నారా?"

"లేదండీ. ఫొటోలు వాట్సాప్‌లో పంపమంటారు."

"ఫొటోలో తడి తెలియదే," అన్నారు.

నేనిప్పుడు పెద్ద సంస్థలో ఉన్నాను. రిపోర్టు మీద సంతకం పెట్టేముందు సైటునుంచి వచ్చిన సంచి విప్పి, కొంచెం మట్టి వేళ్ల మధ్య నలిపి చూస్తాను. యాదయ్య హాస్టల్ బాల్కనీల నిండా ఇప్పటికీ పిల్లల బట్టలు ఆరుతుంటాయి.

వీధి చివర చప్పుడు ఆగాక వెళ్లి చూశాను. గొట్టం విప్పి, మట్టిని సంచిలో వేసి కట్టేశారు. యజమాని ఎవరని అడిగితే అక్కడున్నవాళ్లకు తెలియదు. ఇప్పుడు మట్టిని ఎవరి చేతిలోనూ పెట్టడం లేదు.